సునీత నిద్రలో మాట్లాడిన ఇంగ్లీషు

ఇది ఇంగ్లీషు మీద ఒక వీరవనిత సాగించిన మహాసంగ్రామ గాథ. నిజం చెప్పాలంటే, నోయిడా వెళ్లే ఆఫీసు క్యాబులో జరిగిన పది నిమిషాల సంగతి.

సునీత, నేను కాల్ సెంటర్ ట్రైనింగులో ఉన్నాం. మీరట్ అమ్మాయి కాబట్టి ఆమె ఏ ప్రశ్నకైనా ముందు హిందీలో ఆలోచించి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకునేది. నేను తెలుగులోంచి మార్చుకునేవాణ్ని, అంతే తేడా. ఆ ఉదయం ఆమెకు ఆఖరి పరీక్ష. తప్పితే ఉద్యోగం పోతుంది.

పొగమంచులో రోడ్డే కనబడటం లేదు. సునీత నిద్రపోయింది. సరదాకి కస్టమర్ గొంతు పెట్టి, నా ఇంటర్నెట్ పనిచేయడం లేదని ఇంగ్లీషులో అన్నాను.

ఆమె కళ్లు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. "ఐ యామ్ సో సారీ, సర్. మే ఐ హావ్ యువర్ నేమ్?"

ఒక్క తడబాటు లేదు. గొంతు ఆమెదే, అందులో ఆమె లేదు. భయంతో పేరు చెప్పేశాను.

"థాంక్యూ, సర్. ప్లీజ్ స్టే ఆన్ ద లైన్."

ఊపిరి బిగబట్టి లైన్లోనే ఉన్నాను.

డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. "దీదీని లేపకు భయ్యా. పరీక్షకి ఇలాగే పంపించెయ్."

ఆఫీసు దగ్గర లేపి జరిగింది చెబితే, "మజాక్ మత్ కరో" అంటూ, వేళాకోళాలొద్దని కసిరింది. పరీక్షలో మాత్రం కళ్లు మూసుకునే జవాబులిచ్చి గట్టెక్కిందట. ఆ తర్వాత ఆమె షిఫ్టు మారింది. ఇక ఆమె ఇంటి వైపు తిరగనక్కర్లేదు కాబట్టి, మా క్యాబు పది నిమిషాలు ముందే ఆఫీసుకు చేరేది.