గొలుసు దగ్గర చెప్పిన అహ్వాల్

యాభై దాటినా దర్జీ శంబేకి ఒక కోరిక తీరలేదు. తను రాసిన పాట మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో ఎవరూ లేచిపోకుండా, నిండు సభలో చదవాలి. అంతే. బలోచ్ నేల మీది తుర్బత్ బజారులో ఇంతకన్నా చిన్న కోరిక ఉన్న మనిషి లేడు. ఇన్ని దెబ్బలు తిన్న కోరికా లేదు.

మొదటిసారి వేదిక ఎక్కగానే కరెంటు పోయింది. ఇంకోసారి అధ్యక్షుడి ఉపన్యాసం ముగిసి కవుల వంతు వచ్చేసరికి జనం భోజనాలకు లేచారు. ఆ తర్వాత సభ పెట్టినప్పుడల్లా జనం కన్నా ముందు పోలీసులు రావడం మొదలైంది. జైల్లో మాత్రం చక్కటి శ్రోతలు దొరికారు. కాకపోతే వాళ్ళకు లేచిపోయే వీలు లేదు కాబట్టి శంబే వాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు.

రాజకీయాల్లోకి కూడా ఆయన సూదీ దారంతోనే వచ్చాడు. మీసాలు సరిగా రాని వయసులో పార్టీ జెండాలు కుట్టమని పిలిస్తే వెళ్ళి, జెండాలతోపాటు తనూ అక్కడే ఉండిపోయాడు. నాయకుడికీ ఉపనాయకుడికీ పడక పార్టీ చీలితే ఇంకో జెండా కుట్టాడు. చీలిందే మళ్ళీ చీలితే మళ్ళీ కుట్టాడు. బలోచ్ జాతి ఏకం కావాలని అన్ని జెండాలూ ఒకే మాట చెప్పేవి, వేరువేరు రంగుల్లో. పెద్ద నాయకుల కొడుకులు కరాచీలో చదువుకున్నారు, పెద్ద నాయకులు మంత్రులయ్యారు. శంబే వర్గం మాత్రం చివరికి ఒక పికప్ బండిలో పట్టేంత మిగిలింది, అదీ డ్రైవరు దోస్తేన్‌ను కలుపుకుంటే.

ఆయన పాటల మీద భార్య మహ్‌గంజ్ తీర్పు ఒకటే. "నీ పాట నువ్వు కుట్టే సల్వారులాగే ఉంటుంది. కాళ్ళు రెండే, గుడ్డ మాత్రం తానంతా పడుతుంది."

ఆ ఏడు ఖర్జూరాలు పండే వేసవిలో తుంప్ ఊరి తోటల్లో సభ పెట్టారు. కోతకు ఎక్కడెక్కడి చుట్టాలూ వస్తారు, జనానికి కొదవ ఉండదు. శంబే పేరు మొదటే వేశారు. కరెంటు అవసరం లేకుండా పట్టపగలు పెట్టారు. భోజనాలు సభ అయ్యాకే అన్నారు. ఈసారి ఎటు నుంచి చెడుతుందో ఊహకందక శంబే పొద్దుటి నుంచీ కంగారు పడుతూనే ఉన్నాడు.

ఎండిపోయిన ఏటి ఒడ్డున, తుంప్ పోయే దారికి అడ్డంగా కట్టిన గొలుసు రూపంలో ఆ జవాబు ఎదురైంది. గొలుసు పక్కన ఆయన బావమరిది షహదాద్ నిలబడి ఉన్నాడు.

సర్కారు దళంలో షహదాద్ జమాదారు. మూడేళ్ళ కిందట ఉద్యోగం రాగానే కొత్త యూనిఫారం పట్టుకుని బావ కొట్టుకే వచ్చాడు, ప్యాంటు పొడవు తగ్గించమని. ఆ గుడ్డ మీద తన కత్తెర పడదన్నాడు శంబే. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ప్యాంటు కూడా అప్పటి నుంచి చీలమండల దగ్గర మడతపెట్టుకునే తిరుగుతోంది.

అతనికి ఉదయమే పైఅధికారి హుకుం వచ్చింది. ఎవరినీ కొట్టొద్దు, పట్టుకోవద్దు. పొద్దుగూకేదాకా బళ్ళను ఆపితే చాలు, సభ దానంతట అదే చస్తుంది. ముఖ్యంగా ఆ దర్జీతో మాట కలపొద్దు. షహదాద్ సెల్యూట్ కొట్టి సరేనన్నాడు. నిజంగానే అలా చేద్దామనుకున్నాడు.

అప్పటికే గొలుసుకు ఇవతల బళ్ళు బారులు తీరాయి. డీజిల్ పీపాల పికప్‌లు, మేకల బండి, పెళ్ళికి పోయే ఆడవాళ్ళ బస్సు. అందరూ బళ్ళ నీడల్లో చతికిలబడి ఎండను తిట్టుకుంటున్నారు. శంబే దోస్తేన్ బండి దిగి, తలపాగా సర్దుకుని, నేరుగా గొలుసు దాకా నడిచాడు. ఎదురుగా వయసులో పెద్దవాడు, పైగా అక్క మొగుడు. షహదాద్ బుర్రలో హుకుం ఉంది గానీ నోరు తల్లి నేర్పిన నోరు.

"ఖైర్ బావా. అహ్వాల్ ఏంటి?" అనేశాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. తుర్బత్ ఉన్న ఈ కేచ్ నేల మీద అహ్వాల్ అడగడమంటే ఊరికే కుశలం అడగడం కాదు. ఇద్దరూ చివరిసారి కలిసిన నాటి నుంచి జరిగిందంతా దాచకుండా చెప్పాలి. అడిగినవాడు కూర్చుని ఊ కొట్టాలి. మధ్యలో అడ్డు తగిలినవాణ్ణి పశువుకింద జమకడతారు. చెప్పడం అయ్యాక, అడిగినవాడు తన అహ్వాల్ చెప్పాలి, అదీ దాచకుండానే.

శంబే ముఖం వెలిగిపోయింది. నేల మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "ఇక్కడున్న పెద్దలు అనుమతిస్తే చెబుతాను," అన్నాడు అందరివైపూ చూసి.

"చెప్పు నాయనా," అంది బస్సులోంచి ఒక ముసలమ్మ. దోస్తేన్ గబగబా వెళ్ళి బండిలోని టేప్‌రికార్డరు తెచ్చి, రికార్డు మీట నొక్కి ఇసుకలో పెట్టాడు. చేసేది లేక షహదాద్ కూడా తుపాకీ ఒళ్ళో పెట్టుకుని బావ ఎదురుగా కూర్చున్నాడు.

అహ్వాల్ పద్యంలో చెప్పకూడదని ఎవరూ ఎక్కడా రాయలేదు. శంబే గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టాడు.

"మీసం మొలిచిన ఏడు తోట వేశాడు మా తాత,
పళ్ళూడిన ఏడు కాపుకొచ్చింది.
పండు బండెక్కి పోయింది,
గింజ నోట్లో తిప్పుకుంటున్నాం,
తీపి మరిచిపోకూడదని."

"ఊఁ," అన్నాడు షహదాద్.

అలా సాగింది. సముద్రం పరాయివాళ్ళ పాలైన వైనం, బడి రాని వైనం, తీసుకెళ్ళిన కుర్రాళ్ళు తిరిగిరాని వైనం. ఏ పాట చదవనివ్వకూడదని గొలుసు కట్టారో ఆ పాటకు గొలుసు కాపలాదారే ఊ కొడుతున్నాడు. అతని కింది కానిస్టేబుళ్ళు కూడా దగ్గరికి జరిగారు.

సగం పాటలో శంబేకి అనుమానం వచ్చింది. జనాన్ని పరకాయించి చూశాడు. ఒక్కరూ కదలడం లేదు. ఎలా కదులుతారు, దారికి గొలుసుంటే? ఇది జైలు శ్రోతల వ్యవహారమేనని తోచగానే ఆయన ఉత్సాహమంతా చప్పబడిపోయింది. పాట ఆపేశాడు.

"ఏంటి బావా, అహ్వాల్ మధ్యలో ఆపేశావు?"

"గొలుసు ఎత్తు. పోయేవాళ్ళు పోనీ. ఉన్నవాళ్ళకే చెబుతా."

"ఎత్తితే నా ఉద్యోగం పోతుంది."

"ఎత్తకపోతే నా పాట పోతుంది."

ముసలమ్మ మళ్ళీ అందుకుంది. "అడగడం దేనికి, సగంలో నోరు నొక్కడం దేనికి? ఎవరి కొడుకువురా నువ్వు?"

ఆ చివరి ప్రశ్న షహదాద్‌కు ఎక్కడో తగిలింది. లేచి వెళ్ళి కొక్కెం తీశాడు. గొలుసు దుమ్ములో పడింది.

మేకల బండి వెళ్ళిపోయింది. మేకలకు కవిత్వం మీద పట్టింపు ఉండదు. ఒక పికప్ ఇంజను గుర్రుమని, కాసేపు ఆలోచించి ఆగిపోయింది. పెళ్ళి బస్సు డ్రైవరు హారన్ కొడితే ఆడవాళ్ళు తిట్టిన తిట్లకు మళ్ళీ కొట్టలేదు. మిగతా జనమంతా కూర్చునే ఉన్నారు.

శంబేకి కళ్ళు చెమర్చాయి. అయితే వచ్చే చరణం ఏమిటో అప్పుడే గుర్తొచ్చింది. అది బావమరిది మీద రాసింది. వదిలేద్దామా అనుకున్నాడు. అహ్వాల్‌లో దాచకూడదు. చదివాడు.

"అక్క పెట్టిన ముద్ద తిన్న చెయ్యి
అక్క వాకిలికే తాళం వేసింది.
తాళంచెవి ఎవరి జేబులో ఉందో
ఆ చేతికే తెలియదు."

షహదాద్ తల దించుకుని ప్యాంటు మడత సర్దుకున్నాడు. తర్వాత "ఊఁ," అన్నాడు.

పాట అయిపోయింది. ముప్ఫై ఏళ్ళ కోరిక తీరింది. భళా భళా అని జనం చేతులు ఎత్తబోతుండగా ముసలమ్మ గద్దించింది. "ఆగండర్రా. ఆ అబ్బాయి అహ్వాల్ ఇంకా మిగిలే ఉంది."

షహదాద్‌కు పాటలు రావు. సరిగా మాటలే రావు. "నా దగ్గరేముంది," అన్నాడు. "ఎత్తమంటే ఎత్తుతా, దించమంటే దించుతా. ఈ ఉద్యోగంలో చేరినకాడి నుంచి మా అమ్మ నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది. పెట్టి, వాకిట్లో కోడి ఉంటే దానితో మాట్లాడుతుంది. కోడీ, కూరలో ఉప్పు సరిపోయిందా, అంటుంది. నేను సరిపోయిందమ్మా అంటాను. ఆమె కోడి వంక చూసి, సరే అయితే, అంటుంది. మూడేళ్ళయింది. అంతే, ఇంకేం లేదు."

ముందు ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ తెగిందో తెలియదు, చూసేసరికి ముసలమ్మ కొంగుతో కళ్ళు వత్తుకుంటోంది, డీజిల్ బళ్ళవాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. జనం లేచి వచ్చి షహదాద్ భుజాలు తట్టారు. ఇసుకలో కూర్చున్న కవిని దాటుకుని మరీ వచ్చి తట్టారు.

ఇదంతా అయ్యాక అధికారి జీపు వచ్చింది. దాంట్లో బావనీ బావమరిదినీ ఎక్కించారు.

వారం తిరక్కుండా దోస్తేన్ క్యాసెట్టు టీకొట్లన్నిటికీ పాకింది. భోజనం తెచ్చిన మహ్‌గంజ్ లాకప్ ఊచల దగ్గర ఆ కబురు చెప్పింది. అందరూ వింటున్నారట. పాటను మాత్రం వేగంగా ముందుకు తిప్పేసి కోడి దగ్గర ఆపుతున్నారట. చెప్పి, మొగుడి మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

శంబే రొట్టె నములుతూ కూర్చున్నాడు. ఉద్యోగం పోయిన బావమరిది పక్కనే నిశ్చింతగా ఖర్జూరాలు తింటున్నాడు.

"ఒరే షహదాద్," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ కోడిని నాకిచ్చెయ్యరా. పాటలో పెట్టుకుంటా. నీకెందుకది?"

షహదాద్ గింజ ఊశాడు.

"కోడి మా అమ్మది బావా. ఆమెను అడుగు."

శంబే జైళ్ళు చూసినవాడు, లాఠీలు తిన్నవాడు, నాయకుల ముఖం మీదే నిజం చెప్పినవాడు. అత్తగారిని అడగాలనేసరికి మాత్రం కిక్కురుమనకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.