విత్తిన చేనును బీడన్నాము

దగ్గరికి జరిగి కూచోండి. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. మా చేన్లో విమానాలు దిగిన సంగతి చెప్తా. మనుషులు ఎక్కేవి కావు. ఇంకో విమానం తాడు కట్టి పైకి లాగి వదిలేస్తే, సప్పుడు లేకుండా గాలి మీదే తేలతాయి. కింద మనిషి చేతిలో పెట్టె పట్టుకుని తిప్పుతాడు. ఒకదాన్ని మోయాలంటే ఇద్దరు కావాల, అంత రెక్కలు.

మాది ఆలూరు పక్క నల్లరేగడి. ఆ యేడు మా ఇంటాయన వానకు ముందే పొడి దుక్కిలో పత్తి విత్తనం పెట్టినాడు. తొలి వానకే మొలుస్తాదని ఆశ. ఇంట్లో ఉన్న విత్తనమంతా దాంట్లోనే పెట్టినాము. పైన గుంటక తోలి చదును చేసినాక, చూసేవాళ్లకు ఉత్త మన్నే.

మా అత్తకు ఒక పట్టింపు ఉండాది. మొలక పైకొచ్చే దాకా విత్తినామని బయటోళ్ల ముందర అనకూడదు. అంటే దిష్టి తగిలి గింజ లోపలే కుళ్లుతాదంట. ఎవరడిగినా బీడే అనాల. ఊర్లోవాళ్లకు ఇది తెలుసు, నవ్వుకుని పోతారు.

ఒక శనివారం నేనూ ఆయనా పెండ్లికని ఆదోనికి పోయినాము. అప్పుడు వచ్చినాయి కార్లు. పట్నం మగోళ్లు. పోయినసారి గుట్ట కింద దించితే రాళ్లు తగిలి రెక్కలు విరిగినాయంట. దుప్పటి పరిచినట్లుండే మా చేను చూసి వాళ్లకు పాణం లేచొచ్చింది. గట్టు మీద పుల్లలు ఏరుకునే మా అత్తను మర్యాదగానే అడిగినారు.

“అమ్మా, పొలం ఖాళీయేనా? ఏమైనా వేశారా?”

“ఏం వేసేది నాయనా, ఉత్త బీడు.”

“అయితే రెండు రోజులు విమానాలు ఎగరేసుకుంటాం.”

పిల్లోళ్ల గాలిపటాల మాదిరి ఏదో అనుకుని తలూపింది.

ఆదివారం మేమొచ్చేసరికి చేన్లో డేరాలు, కుర్చీలు, కార్లు. విమానాలు పరిగెత్తేకి నడిమధ్యన కారును పైకీ కిందికీ తోలి నేలను రోడ్డు మాదిరి గట్టి చేసినారు. అబద్ధమెందుకు, ఆ విమానం చూసేకి శానా బాగుండాది. తెల్లగా, సుడిగాలి లేసిన చోటికి పోయి, రెక్క ఆడించకుండా పైపైకి పోతాండాది. నా కండ్లు మాత్రం కింద ఆ చక్రాల జాడల మీదనే.

మా ఇంటాయన గట్టు కాడ చెప్పులు విడిచి పరిగెత్తినాడు. విత్తిన చేన్లోకి మేము చెప్పులతో పోము.

“ఎవరినడిగి దిగినారప్పా?”

“మీ అమ్మగారినే. బీడు అన్నారు. ఏమ్మా, అన్నారా లేదా?”

అందరూ మా వెనకాలే వచ్చిన మా అత్త దిక్కు తిరిగినారు. విత్తినామంటే ఆమె లెక్కన గింజ చచ్చినట్లే. అనకపోతే చక్రాల కింద చస్తాది. పెదవులు తడుపుకుని, కొడుకు మొహం చూడకుండా చెప్పింది.

“అన్నా. బీడే.”

మా ఇంటాయన వాళ్ల దిక్కు తిరిగినాడు. పరాయోళ్ల ముందర తల్లిని అబద్ధాలకోరును ఎట్ల చేస్తాడు?

“మా యమ్మ చెప్పినాంక నాదేముండాది. ఎగరేసుకోండి.”

“చూడన్నా, మీ బీడుకు ఎయిర్‌పోర్టు వచ్చింది!” అని వాళ్లలో ఒకాయన మా ఇంటాయన భుజం తట్టినాడు. ఆయన నవ్వినాడు కూడా. ఆ నవ్వు చూడలేక నేను ఇంటికి పోయినా.

వాన పడింది. అంచుల్లో నాలుగు సాళ్లు మొలిచినాయి. నడుమంతా అట్టకట్టి, మంగలి గొరిగిన తల మాదిరి ఉండాది. తిరిగి విత్తేకి ఇంట్లో గింజ లేదు. పక్క చేను ఆయన గట్టు మీద నిలబడి, “ఏమప్పా, మీ చేన్లో విమానాలు బాగా కాసినాయంటనే!” అన్నాడు.

ఆ మాపు అన్నం ముందర కూచోని మా ఇంటాయన తల్లిని ఒకటే అడిగినాడు. “ఇప్పుడు చెప్పొచ్చా మా, విత్తినామని?”

ఆమె తినేది ఆపేసి చెయ్యి కడుక్కుంది.

ఆ యేడు ముగ్గురమూ మిరపకాయలు కోసేకి గుంటూరు దిక్కు పోయినాము. ఒకే డేరాలో పండుకున్నాము. ఏం కావాలన్నా తల్లీ కొడుకూ నాతోనే చెప్పించుకున్నారు. “వానికి నీళ్లు కావాలేమో చూడు” అని ఆమె, “మందు వేసుకుందేమో అడుగు” అని ఆయన. ఈ పొద్దుకూ అంతే.

మీ ఇల్లు చల్లగుండాల. మీ చేన్లో పెట్టిన గింజ పెట్టినట్లే లేవాల. మీ ఇంట్లో తల్లీ బిడ్డా ఒకరితో ఒకరు నోరారా మాట్లాడుకుంటా, ఒకే గిన్నెలో కలుపుకుని తినాల.