ఒక్క ముక్కే!

పెళ్లయిన కొత్తలో, కార్తీకమాసంలో అందరం అరకు వెళ్లాం. నెలంతా నీచు ముట్టనని మొక్కుకున్న మా అత్తగారు బొంగు చికెన్ బండి చాటున ఓ ముక్క నోట్లో వేసుకోవడం నా ఫోన్ వీడియోలో పడింది. ఉచితంగా దొరికే యాప్‌తో ఆ కాస్త ముక్కనీ జిఫ్ చేశాను. అందులో ఆవిడ అదే ముక్కని మళ్లీ మళ్లీ నోట్లో వేసుకుంటూ ఆగకుండా తింటూనే ఉంటారు. బస్సులో ముందు సీట్లో ఉన్న మా ఆయనకి పంపబోయి బంధువుల గ్రూపులో పెట్టేశాను. తీసేద్దామంటే ఘాట్ రోడ్డు మలుపులో సిగ్నల్ పోయింది.

విజయనగరంలో ఇల్లు చేరేసరికి మాతో రాకుండా ఇంట్లో ఉండిపోయిన ఆడపడుచు, గ్రూపులో అది చూసి గుమ్మంలోనే ఉంది.

"అది పనసముక్కే" అని మా ఆయన సర్దబోయాడు.

"పనసైతే మాత్రం అన్ని ముక్కలేటమ్మా?" అంది ఆడపడుచు.

అత్తగారు భగ్గుమన్నారు. "అన్నెక్కడివే? నాను తిన్నది ఒక్క కోడిముక్కే! మిగతాయన్నీ మీ వదినే ఫోన్లో తినిపిస్తంది!"

ఆ నెలంతా ఆవిడ నాతో మాట్లాడలేదు. చుట్టాల ఫోన్లలో మాత్రం ఇప్పటికీ నములుతూనే ఉన్నారు.