ఉప్పునీళ్ళు తాగిన ట్రాక్టరు

మా ఇంట్లో రెండు డ్రమ్ములుండేవి. నీలం దాంట్లో మంచినీళ్ళు, నల్ల దాంట్లో బోరు నీళ్ళు. మల్కాపురంలో మా వీధిలో బోరు ఎంత లోతుకి దింపినా ఉప్పే. నీలం డ్రమ్ము తాగడానికి, పప్పు ఉడకడానికి. అంతే. నల్లది ఒంటికి, బట్టలకి, అంట్లకి, గచ్చు కడగడానికి. ఒక డ్రమ్ములో ముంచాల్సిన చెంబు ఇంకోదాంట్లో ముంచితే మా అత్తగారి గొంతు రిఫైనరీ గేటు దాకా వినబడేది. కొత్త కోడలికి ఆ ఇంట్లో నేర్పిన మొదటి పాఠం అదే. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. నల్ల డ్రమ్ము జాబితాలో ట్రాక్టరు కూడా ఉందని గమనించడానికి మాత్రం నాకు రెండు వేసవులు పట్టింది. బీయస్సీ ఫిజిక్సు చదివినదాన్ని. నవ్వుకోండి.

ఆ ట్రాక్టరు మా నాన్నది. పరవాడ పక్కన మాకున్న నాలుగెకరాల మీద ఇప్పుడు పొగగొట్టాలున్నాయి. భూమి తీసుకున్నవాళ్ళు ట్రాక్టరు మాత్రం వదిలేశారు, ధర్మాత్ములు. దున్నడానికి ఏమీ మిగలక, అప్పటికే ముసలిదైపోయిన ఆ బండిని నాన్న మాకిచ్చేశాడు. మా ఆయనకి పోర్టులో కాంట్రాక్టు పని పోయిన ఏడాది అది, తొంభైల చివర్లో. ట్రాలీ విప్పేసి నీళ్ళ ట్యాంకు తగిలించాం. పల్లెవైపు ఒక తోటలో తియ్యటి నీళ్ళ బావి ఉండేది. అక్కడ నింపుకుని, కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల దగ్గర కూలీల రేకుల షెడ్లకి తోలడం పని. రోజుకి నాలుగు ట్రిప్పులు. ఒక్క రోజు నీళ్ళు రాకపోతే మర్నాడే లారీ ట్యాంకరువాడిని పెట్టుకుంటానని షెడ్ల సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పేశాడు. ఇంజిను ఆగితే మా పొయ్యి ఆగుతుంది. ఇందులో తెలియనిదేమీ లేదు, అందరికీ తెలుసు.

మొదటి వేసవి ఎలాగో గడిచింది. రెండో వేసవి మొదలవగానే బండి కాగడం మొదలుపెట్టింది. వేడి చూపించే మీటరులో సూది నాన్న దగ్గరే చచ్చిపోయింది. మా ఆయన వాసన చూసి చెప్పేవాడు: పెయింటు కాలిన వాసన వస్తే ఆపడం, రేడియేటరు మూత మీద గోనెసంచి వేసి తిప్పడం, ఆవిరి బుస్సుమని లేచాక ఇంటినుంచి తెచ్చిన క్యాన్‌లో నీళ్ళు పొయ్యడం. ఆ క్యాన్ రోజూ పొద్దున్న నింపేది నేనే. రేడియేటరుకి బకెట్టు అందించేదీ నేనే.

ఇంజిన్ల మేస్త్రీ వచ్చాడు. మా ఆయనకి పోర్టు రోజుల స్నేహితుడు, ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. ఆ లెక్కన నేను అతనికి చెల్లెల్ని. ఆ చెల్లెలితనం టీ అడిగేటప్పుడు మాత్రం గుర్తొచ్చేది. అతన్ని తెలివితక్కువవాడని అనను. మొదట చేసినవన్నీ సరైన పనులే. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు, వదులుగా ఉంటే బిగించాడు. రేడియేటరు రెక్కల మధ్య పట్టిన పోర్టు బొగ్గు పొడిని లోపలివైపు నుంచి నీళ్ళు కొట్టి కడిగాడు. మా వీధిలో ఆరేసిన తెల్లబట్టకే ఆ పొడి పడుతుంది, రేడియేటరుకి పట్టదా? ఇంజినులో నీటిదారికి అడ్డంగా ఉండే చిన్న వాల్వు ఒకటుంటుంది, వేడెక్కాక తెరుచుకునేది. దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది సలిదేశాల కోసం పెట్టింది సెల్లెమ్మా. మన ఎండలకి దీంతో పనేటుంది? పిల్లలకి ఆడుకోడానికిచ్చీ."

వారం రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత మళ్ళీ కాగింది. ఈసారి మేస్త్రీ తల పంకించి, రోగం ఇంజిను పైమూతలో, హెడ్డులో ఉందన్నాడు. దాని కింద నీళ్ళు, గ్యాసు దాటకుండా వేసే గ్యాస్కెట్ పోయింది, హెడ్డు విప్పాలి, ఆదివారం చూద్దాం అన్నాడు. అతనికి బాగా వచ్చిన పని హెడ్డు విప్పడం. చేతనైన పనే ఎదుటివాడి రోగం అవడం మెకానిక్కుల్లోనే కాదు, నేను చూసిన డాక్టర్లలోనూ ఉంది, పెద్దమనుషుల్లోనూ ఉంది.

ఆ శనివారం పొద్దున్నే స్నానాలకి నీళ్ళు కాచే డేగిసా తోముతున్నాను. దాని లోపల తెల్లగా గట్టిగా పొర కడుతుంది. మా వీధిలో ప్రతి డేగిసాకీ కడుతుంది. చింతపండుకి లొంగదు, ఇటుకరాయికి లొంగదు. అట్లకాడతో గీకుతుంటే పెంకులు పెంకులుగా ఊడింది. అదే డేగిసాలో నీళ్ళు కాగడానికి పెళ్ళైన కొత్తల్లో పట్టే టైముకి ఇప్పుడు రెండింతలు పడుతోందని నాకు తెలుసు. ఎందుకో కూడా తెలుసు. పొర వేడిని దాటనివ్వదు. ఇంత తెలిసి, నా చేత్తో అదే నీళ్ళు ముంచి బయట నిలబడ్డ ఇంజినుకి పోస్తున్నాను. అట్లకాడ కింద పడేశాను.

నాన్న గుర్తొచ్చాడు. చెరువునీళ్ళు కండువాతో వడగట్టి రేడియేటరుకి పోసేవాడు. అన్నేళ్ళలో అది పొలంలో ఒక్కసారి కాగలేదు. మా ఇంటికొచ్చాక మారిందేమిటి? డ్రైవరు మారాడు, బరువు మారింది, నీళ్ళు మారాయి. డ్రైవరుని మార్చడం నావల్ల కాదు.

ఆయన ఇంకా లేవలేదు. ఇంజిను చల్లగా ఉంది. మూత తీసి, స్టార్ట్ చేసి, నీళ్ళలోకి చూశాను. గ్యాస్కెట్ పోతే అక్కడ బుడగలు రావాలి. ఒక్క బుడగ లేదు. ఆయిలు పుల్ల తీసి చూశాను. నీళ్ళు కలిస్తే ఆయిలు టీ రంగుకి తిరుగుతుంది. నల్లగా నిగనిగలాడుతోంది. మూత పెట్టి అలాగే నడవనిచ్చాను. కాస్త వేడెక్కాక ఆపేసి, ఫ్యాన్ నిలిచాక రేడియేటరు ముందువైపు అరచేయి పెట్టి కొలుచుకుంటూ వచ్చాను. పైన చెయ్యి పెట్టలేనంత వేడి. కింద మధ్యలో చూస్తే కుండలా చల్లగా ఉంది. పక్కన మళ్ళీ వేడి. మళ్ళీ చల్లదనం. నీళ్ళు పారే గొట్టాల్లో సగానికి నీళ్ళే పోవడం లేదు. చల్లగా తగిలిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రంగా గీశాను. మొత్తం తొమ్మిది గుండ్రాలు వచ్చాయి.

ఇంజిను చప్పుడుకి మా ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చాడు.

"పొద్దున్నే ఏటే ఈ గోల?"

"చెయ్యి పెట్టి చూడండి. ఇక్కడ. ఇప్పుడిక్కడ."

పెట్టాడు. రెండు మూడు చోట్ల పెట్టాడు. మొహంలో ఏదో కదిలింది. నేను చూశాను, నేను పొరబడలేదు. ఆయనకి అర్థమైంది.

"లోపల ఉప్పు కట్టేసిందండీ. రేడియేటరు దించి, పై తొట్టి విప్పి, గొట్టాలు పొడిపించాలి. గ్యాస్కెట్ బాగానే ఉంది. రేపు హెడ్డు జోలికెళ్ళకండి. ఇకమీదట మంచినీళ్ళే పోద్దాం."

వెనకనుంచి అత్తగారు అందుకుంది. "తాగే నీళ్ళు ఇనప్ముక్కకి పోత్తారేటే? పాపం తగల్దా? ఈదిలో పిల్లలు గుక్కెడు మంచినీళ్ళకి ఏడుత్తంటే!"

"రోజూ ట్యాంకుడు మంచినీళ్ళు మోస్తోంది కదా అత్తయ్యా. మోసే గాడిదకి రెండు బకెట్లు పెట్టకూడదా?"

"సదువుకున్న నోరు మరి," అంది ఆవిడ, నాకు కాదు, గోడకి.

మా ఆయన మాత్రం, "మేస్త్రీనడుగుతాను," అన్నాడు.

ఆదివారం మేస్త్రీ సంచీ భుజానేసుకుని వచ్చాడు, సుద్ద గుండ్రాలు చూశాడు, పది మంది వినేలా నవ్వాడు.

"బావా! మా సెల్లి ఇంజినుకి ముగ్గెట్టిందిరోయ్! పసుపూ కుంకం కూడా ఎట్టేత్తే కాగడం మానేత్తాదేమో!"

"అన్నా, ముగ్గు తర్వాత చూద్దువుగాని. ముందు మూత తీసి, ఒక్క బుడగ చూపించు. చూపిస్తే నేను లోపలికిపోతాను, మళ్ళీ మాట్లాడను."

"బుడగ లోడు మీదొత్తాది సెల్లెమ్మా, కాళీ బండికి రాదు. ఇది కాలేజీలో సెప్పరు."

"అయితే లోడు కట్టి తోలు. నేనూ వస్తాను, చూపించు."

అతను మా ఆయనకేసి చూశాడు. వీధి మొత్తం మా ఆయనకేసి చూసింది. నిన్న తన అరచేతికి తెలిసిన సంగతి ఆయన ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"లోపలికి పోయే," అన్నాడు. "ఆడు ఇరవయ్యేళ్ళుగా ఇంజిన్లు ఇప్పుతున్నాడు. నువ్వు పుస్తకం ఇప్పేవు. టీ ఎట్టు."

పెట్టాను. ఆ టీ ఎందుకు పెట్టానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. సాయంత్రానికి హెడ్డు బిగించారు. తడిగుడ్డతో నా గుండ్రాలు తుడిచేశారు. నల్ల డ్రమ్ములోంచి బకెట్టు బకెట్టుగా నీళ్ళు పోశారు. ఆ రోజు బకెట్టు నేను అందించలేదు. అదొక్కటే నేను చేసిన ఘనకార్యం.

సోమవారం నడిచింది. మంగళవారం నడిచింది. "సూసేవా?" అన్నాడు మా ఆయన అన్నం తింటూ. బుధవారం మధ్యాహ్నం నడిచి వచ్చాడు, చేతిలో ఖాళీ క్యాన్‌తో. నిండు ట్యాంకుతో ఎత్తు ఎక్కుతుంటే పొగ కమ్మిందట. కంగారులో, ఇంజిను చల్లారనివ్వకుండానే క్యాన్ నీళ్ళు మొత్తం కుమ్మరించాడట. లోపల ఠంగుమందట. మళ్ళీ తిప్పబోతే కదల్లేదు. హెడ్డు పగిలింది, పిస్టన్లు పట్టేశాయి. ట్యాంకు నిండా మంచినీళ్ళు ఉన్నాయి, కుళాయి తిప్పితే వచ్చేవి. ఆ కుళాయి గుర్తొచ్చినా చెయ్యి పోదు, ఆ ఇంట్లో పెరిగినవాడికి. దారినపోయేవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. ఆయన మనుషుల్ని పోగేసుకుని సాయంత్రం బండి లాక్కురావడానికి వెళ్ళేసరికి వాళ్ళు బిందెలతో వచ్చి ట్యాంకు ఖాళీ చేసుకుపోయారు. గురువారం షెడ్లకి లారీ ట్యాంకరు వెళ్ళింది.

ఎవడో సలహా ఇస్తే, బండి కొనేవాడికి చూపించడానికి ముందు రేడియేటరు బాగుచేయిద్దామని కొట్టుకి తీసుకెళ్ళాం. కొట్టతను అతుకు కరిగించి పై తొట్టి ఎత్తాడు. లోపల గొట్టాల నోళ్ళు తెల్లగా పూడుకుపోయి ఉన్నాయి, అచ్చం మా డేగిసా. చువ్వతో పొడిస్తే పెంకులు రాలాయి. వాటిని అరచేతిలో పోసుకుని అతను అడిగాడు:

"ఉప్పునీళ్ళు పోసేరేటి దీనికి? ఎవులు పోసేరు బాబూ?"

మా ఆయన నావైపు చూడకుండా, "ఇంట్లో ఆడోళ్ళు," అన్నాడు.

అబద్ధం కాదు. పోసిన చెయ్యి నాదే.

ట్రాక్టరు పాత ఇనుము కిందే పోయింది. నాన్నకి అమ్మేశామని చెప్పాం. ఎలా అమ్మామో చెప్పలేదు. మా ఆయన ఆ లారీ ట్యాంకరు ఓనరు దగ్గరే డ్రైవరుగా చేరాడు, అదే బావి, అవే షెడ్లు. నేను ట్యూషన్లు మొదలుపెట్టాను. డేగిసా ఎందుకు పొర కడుతుందో తొమ్మిదో తరగతి పిల్లలకి బాగా చెబుతానని పేరుంది నాకు.

మూడు నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు ఆయన చొక్కా నానబెడుతూ జేబు తడిమితే సుద్దముక్క తగిలింది. మా ఇంట్లో సుద్దముక్క నాకు కావాలి గాని ఆయనకెందుకు? నా ట్యూషన్ల సుద్దల డబ్బాలోదే. ఆ వారంలోనే మేస్త్రీ ఇంటికొచ్చి, టీ తాగుతూ, తనంతట తనే చెప్పాడు.

"బావ దగ్గరొక ఇద్దె ఉందమ్మా. ఏ బండి కాగినా స్టాండులో మా బావనే పిలుత్తారు. రేడియేటరు మీద సెయ్యెట్టి, సుద్దతో గీసేసి, ఇక్కడ పూడిందీ అని సెప్పేత్తాడు. ఒక్కటీ తప్పడు!"

మా ఆయన గ్లాసులోకి చూస్తున్నాడు.

"ఎవరు నేర్పారండీ?" అన్నాను.

"ఎవులో సెప్పేరులే," అన్నాడు. "ఎప్పుడో."

మేస్త్రీ తల ఊపాడు. ముగ్గు సంగతి అతనికి గుర్తుందో లేదో, మొహం చూస్తే తెలియలేదు. గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. నల్ల డ్రమ్ములో చెంబు ముంచి కడిగాను. ఎన్నిసార్లు కడిగినా ఆ నీళ్ళతో గాజు మీద తెల్లమరక పోదు. మర్నాడు పొద్దున్న ఆయన చొక్కా ఇస్తూ, జేబులో మళ్ళీ కనబడ్డ సుద్దముక్క తీసి నా డబ్బాలో వేసుకున్నాను.

"కావాలంటే అడగండి," అన్నాను.

ఆయన ఇప్పటిదాకా అడగలేదు. బజార్లో కొనుక్కుంటున్నాడు.