వారంటీ బతికింది, కారు కదల్లేదు

నలభై ఎనిమిదేళ్ల వయసులో నేను రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కొన్నాను. అదీ కొండల మధ్య ఇనుప గనుల ఊరు కిరండూల్లో. ఇక్కడ రోడ్డు మీద తిరిగేవి లారీలు, జీపులు, షిఫ్టు బస్సులు. గని ప్రయోగశాలలో ఇనుప ఖనిజం నాణ్యత పరీక్షించడం నా ఉద్యోగం. రోజంతా ఎర్రపొడిని జల్లెడ పట్టి ఇంటికొచ్చే మనిషికి, నేలకు ఆనుకుని పరిగెత్తే తొమ్మిదేళ్ల నాటి నీలం కారు ఎందుకని అందరూ అడిగారు. కాలేజీ రోజుల నుంచీ అలాంటి కారంటే ఇష్టం. అంతకు మించి కారణం లేదు.

మా ఆయన ఖనిజం రైళ్లు నడుపుతారు. మాది విజయనగరం వైపు. కారు మొదటిసారి ఇంటి ముందు ఆగినప్పుడు ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వంగి చూసి, "ఏటే ఇది, రెండే సీట్లున్నాయి? చుట్టాలొస్తే డిక్కీలో కూర్చోబెడతావేటి?" అన్నారు.

కొన్నది విశాఖపట్నంలో, ఒక షోరూమ్ వాళ్ల పాతకార్ల విభాగంలో. అక్కడి సర్వీస్ అడ్వైజర్ చక్కగా మాట్లాడే కుర్రాడు. "ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోండి మేడమ్. రెండేళ్లు మీకు టెన్షనే ఉండదు" అన్నాడు. షరతులు రెండే. సర్వీసు గడువులోగా వాళ్ల వర్క్‌షాపులోనే చేయించాలి. బయటి మెకానిక్ చెయ్యి పెట్టకూడదు. నాకది న్యాయంగానే తోచింది. పాత కారు కదా, కంపెనీవాళ్ల చేతుల్లో ఉంటేనే మంచిదనుకున్నాను. విశాఖ మాకు నాలుగు వందల కిలోమీటర్ల దూరమన్న సంగతి ఆ ఉత్సాహంలో లెక్కలోకి రాలేదు.

కొని ఏడాది కావస్తుండగా, ఏప్రిల్లో ఒక ఆదివారం జగదల్‌పూర్ నుంచి వస్తుంటే, దంతెవాడ దాటాక ఎత్తు మీద ఇంజిన్ వేడి ముల్లు ఎర్రగీతను తాకింది. కారు పక్కకి ఆపి వారంటీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను.

"దగ్గర్లో ల్యాండ్‌మార్క్ చెప్పండి" అని హిందీలో అడిగింది అవతలి అమ్మాయి.

"కుడి వైపు కొండ, ఎడమ వైపు కొండ" అన్నాను.

యాభై కిలోమీటర్ల వరకూ బండిని ఉచితంగా లాక్కెళ్తారట. వర్క్‌షాపు అంతకు ఎనిమిది రెట్ల దూరంలో ఉందని చెప్పాను. యాభయ్యో కిలోమీటరు దగ్గర దింపేస్తే నేనేం చేసుకోవాలని అడిగాను.

"అది మీ ఇష్టం మేడమ్."

చివరికి లారీ మాట్లాడుకుని కారును దాని మీదికెక్కించి ఘాట్ దింపించి విశాఖ పంపాం. మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది. రేడియేటర్ ఫ్యాన్ వారంటీ కింద మార్చారు. పది రోజులు బాగా నడిచి మళ్లీ అదే ఎత్తు మీద అలాగే కాగింది. మళ్లీ లారీ, మళ్లీ ఘాట్. ఈసారి అడ్వైజర్, "టెస్ట్ డ్రైవ్‌లో ఏ కంప్లయింటూ రాలేదు మేడమ్" అన్నాడు. ఎక్కడ నడిపారంటే బీచ్ రోడ్డు మీదట. సముద్రం గాలికి ఏ ఇంజిన్ కాగుతుంది?

సెప్టెంబరులో మూడోసారి పంపాను. అప్పుడు అసలు దెబ్బ తగిలింది. రేడియేటర్, దాని ముందుండే ఏసీ జాలీ రెండూ కలిపి మార్చాలన్నారు. వారంటీ మాత్రం వర్తించదన్నారు. వానాకాలంలో చేయించాల్సిన సర్వీసు రెండు వారాలు ఆలస్యమైంది, అందుకు.

"కొండచరియలు విరిగిపడి ఘాట్ మూసేశారయ్యా. పేపర్లో కూడా వచ్చింది."

"నాకు తెలుసు మేడమ్. కానీ సిస్టమ్ తీసుకోవట్లేదు."

"పోనీ, మిగిలిన వారంటీ ఉందా, పోయిందా?"

"ఉంది మేడమ్. ఈ ఒక్క క్లెయిమే రిజెక్ట్. గేర్‌బాక్స్‌కి, మిగతావాటికి ఇంకో ఎనిమిది నెలలు ఉంది. బయట మాత్రం విప్పించకండి, అది కూడా పోతుంది."

కారు బాగవకుండానే ఇంటికొచ్చింది. నడిపితే కాగుతుంది. ఇక్కడ విప్పిస్తే వారంటీ పోతుంది. నేనేం చేశానంటే దాని మీద టార్పాలిన్ కప్పి, మూడు నెలలు తాళం ముట్టుకోలేదు. రోజూ ఆఫీసుకెళ్తూ దాన్ని చూసి పళ్లు నూరుకునేదాన్ని. మా ఆయన మాత్రం కాఫీ తాగుతూ, "కారుకి ఒంట్లో బాగోలేదు గానీ, వారంటీ సుబ్బరంగా ఉంది" అనేవారు. ఆ మాటకి ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

డిసెంబరులో నన్ను అడక్కుండానే ఆయన ఒక మెకానిక్‌ని ఇంటికి తీసుకొచ్చారు. తెలంగాణ సరిహద్దులో ఉండే తర్లగూడ మనిషి. ఇరవై ఏళ్లుగా ఇక్కడి బజారులో జీపులు, టిప్పర్లు బాగు చేస్తున్నాడు. గ్యారేజీలో మనుషులతో గోండీ, స్పేర్ పార్టుల దుకాణంలో హిందీ, మాతో తెలుగు. వస్తూనే టార్పాలిన్ అంచు పట్టుకుని ఎత్తి చూశాడు.

"ఏందమ్మా, బండికి ముసుగేసి కూసోబెట్టినవ్?"

"వారంటీ ఉంది. బయటివాళ్లు విప్పకూడదు."

"వారంటీ ఉంటే బండి నడుస్తదా?"

"నడవదు."

"మరి దేనికి ఉంచుకున్నవ్ దాన్ని?"

నాకు కోపమొచ్చింది. "ఇలాంటి కారు ఎప్పుడైనా విప్పారా మీరు?" అని గట్టిగానే అడిగాను.

"ఇప్పలే. అబద్ధం ఎందుకు చెప్త? అయితేంది, ఇది గూడ నీళ్లతోనే సల్లవడ్తది గదా."

తాళం ఇచ్చేశాను. నమ్మకంతో కాదు, విసుగుతో ఇచ్చాను.

ఆ నిర్ణయానికి వెంటనే పశ్చాత్తాపపడ్డాను కూడా. గ్యారేజీకి తీసుకెళ్లి బంపర్ ఊడదీస్తూ రెండు ప్లాస్టిక్ క్లిప్పులు విరగ్గొట్టాడు. "పోయినయ్. వైరుతోటి కడ్త" అన్నాడు తాపీగా. మర్నాడు తర్లగూడలో చుట్టాల పెళ్లని వెళ్లిపోయాడు. నాలుగు రోజులు కారు గ్యారేజీలో ముక్కూ మూతీ లేకుండా పడి ఉంది. అతని ఫోన్‌కి సిగ్నల్ లేదు. షోరూమ్ వాళ్లు కనీసం ఫోన్ ఎత్తి కాదనేవాళ్లని నా బాధ.

అయిదో రోజు మెకానిక్కే ఫోన్ చేశాడు. "నువ్వొచ్చి సూడమ్మా" అన్నాడు. వెళ్లాను. ముందుండే ఏసీ జాలీని, వెనకుండే రేడియేటర్‌ని విడదీసి బల్ల మీద పెట్టాడు. రెండింటి మధ్యా అట్టలా ఎర్రమట్టి పేరుకుని ఇటుకలా గట్టిపడి ఉంది. గాలి దూరే సందే లేదు.

"మూడుసార్లు కడిగామన్నారు షోరూమ్‌లో" అన్నాను.

"ముంగట కడిగిన్రు. ముంగట సూడు, అద్దం లెక్క ఉంది. నడుమ ఎవడు సూసిండు?"

ఒక పెళ్ల తీసుకెళ్లి ప్రయోగశాలలో పరీక్షించాను. మంచి నాణ్యత గల ఇనుప ఖనిజం. నా ఉద్యోగమే ఆ పొడి. రోజూ అది చేత్తో ముట్టుకునేదాన్ని, అదే నా కారుకి ఊపిరాడకుండా చేస్తోందని ఒక్కసారీ అనుకోలేదు. ఆ రోజు నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు.

అన్నీ బిగించాక అదే ఎత్తు మీదికి తీసుకెళ్లాం. మెకానిక్ పక్క సీట్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ముల్లు మధ్య గీత దాటలేదు. సంతోషించాల్సింది. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా పోయిన రోజులు గుర్తొచ్చి స్టీరింగ్ మీద గుద్దాను.

"బండిని కొట్టకమ్మా. దాని తప్పేంది?" అన్నాడు.

జనవరిలో అడ్వైజర్ ఫోన్ చేశాడు. వారంటీ పొడిగించుకోమని. బయట విప్పించానని, ఇక అక్కర్లేదని చెప్పాను. అతను గొంతు తగ్గించి, "ప్రాబ్లమ్ ఏంటో చెప్తారా మేడమ్? పోర్టు దగ్గరుండే కస్టమర్ కారు ఒకటి అచ్చం ఇలాగే వేడెక్కుతోంది. నాలుగుసార్లు వచ్చింది. ఆయన రోజూ నన్ను తిడుతున్నారు" అన్నాడు.

పెట్టేద్దామనుకున్నాను. కానీ మా గని ఖనిజం దిగేది ఆ పోర్టులోనే, ఆ మనిషి కూడా నాలాగే తిరుగుతున్నాడు కదా అనిపించింది. గ్యారేజీకి వెళ్లి ఫోన్ మెకానిక్ చేతికిచ్చాను. అతను బజారంతా వినబడేలా అరిచాడు. "ముంగటికెల్లి కాదు సార్! రెండు ఇడదీసి, ఎన్కకెల్లి కొట్టాలె నీళ్లు!"

వారం తర్వాత ఆ కారు బాగైందని, చాలా థ్యాంక్స్ అని అడ్వైజర్ మెసేజ్ పెట్టాడు. అయితే నా క్లెయిమ్ సంగతి మళ్లీ చూస్తారా అని అడిగాను.

"అది సిస్టమ్‌లో క్లోజ్ అయిపోయింది మేడమ్" అని జవాబు వచ్చింది, చేతులు జోడించిన బొమ్మతో సహా.

కారు ఇప్పుడు నడుస్తోంది. పోయిన వారం బ్రేక్ ప్యాడ్లు మార్చాక డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం ఒకటి వెలిగి ఆరడం లేదు. బ్రేకులు బాగానే ఉన్నాయి. దాన్ని ఆర్పే కంప్యూటర్ మా మెకానిక్ దగ్గర లేదు. "నల్ల టేపు అంటిస్త, కండ్లకు ఆనది" అన్నాడు. వద్దన్నాను. దీపం ఆర్పించుకోవడానికి మళ్లీ అదే షోరూమ్‌కి నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లాలి. వచ్చే శుక్రవారానికి సెలవు పెట్టాను.