సఖినేటిపల్లికి బూట్లేసుకుని

రాజమండ్రిలో శనివారం పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. బండి మా ఆవిడ జ్యోతి తోలుతోంది, నేను వెనకాల కూర్చున్నాను. ఆమె పంచాయతీరాజ్‌లో ఇంజినీరు, నేను కాలేజీ లైబ్రేరియన్ని. పనులు జరిగే ఊళ్లకి తిరగడానికి కిందటేడు ఆ పెద్ద మోటార్‌సైకిలూ, దాంతోపాటు మోకాలి కింది దాకా వచ్చే తోలు బూట్లూ కొనుక్కుంది. బండి ఆమెది, బూట్లు ఆమెవి, బూట్ల సంరక్షణ మాత్రం నాది. బ్రష్షు, మెత్తటి గుడ్డలు, తోలుకి రాసే క్రీము డబ్బా ఉన్న సంచీ నా భుజానికే ఉంటుంది.

వెళ్తున్నది సఖినేటిపల్లిలో మా అత్తగారింటికి. ఆదివారం వాళ్ల చర్చిలో కోత పండుగ, ఎవరింట పండింది వాళ్లు తెచ్చి దేవుడికిచ్చి వేలం వేస్తారు. పిలవడానికి ఫోన్ చేసినప్పుడు ఆవిడ ఒక షరతు పెట్టారు. "అల్లుడుగారూ, మీరిద్దరూ బస్సులో రండి. అది ఆ బూట్లేసుకుని నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు." బండి కొన్నప్పట్నుంచీ తల్లీ కూతుళ్ల మధ్య మాటలు నా ఫోన్ ద్వారానే నడుస్తున్నాయి. ఈ షరతు చెప్పగానే జ్యోతి బండికి గాలి కొట్టించుకొచ్చింది.

నిడదవోలులో పెసరట్టు తిన్నాం. మీరు వెళ్తే ఉప్మాతో కలిపి చెప్పండి, అల్లం పచ్చడి రెండోసారి అడిగినా విసుక్కోరు. హోటలాయన జ్యోతి కాళ్లకేసి చూసి, నా దగ్గరకొచ్చి మెల్లిగా అడిగాడు.

"మేడమ్‌గారు పోలీసాండి?"

"కాదండి, ఇంజినీరు."

"అలాగాండి," అన్నాడు గానీ నమ్మలేదు. కాఫీ మాత్రం అందరికంటే ముందు మాకే వచ్చింది.

తణుకు మీదుగా భీమవరం చేరేసరికి ఎండెక్కింది. ఊరు దాటాక రెండువైపులా చెరువులే, నీళ్లు చిలికే చక్రాలు తిరుగుతూ ఉంటాయి. అక్కడో సలహా: రొయ్యల లారీ వెనకాల వెళ్లకండి. మేం వెళ్లాం. లారీ గోతిలో పడి లేచింది, ఐసు కరిగిన నీళ్లు ఒక్కసారిగా వెనక్కి ఒలికి జ్యోతి బూట్లలోకి దిగాయి. పాలకొల్లులో ఆగి గుడ్డతో తుడిచి, అడుగు అట్టలు తీసి నీళ్లు వొంపాను. తడి కొంత తగ్గింది, వాసన ఇంకా పెరిగింది.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం. మనుషులూ, బండ్లూ, బుట్టలూ అన్నీ ఎక్కాకే కదులుతుంది, కంగారు పడకూడదు. చేపలమ్మి వస్తున్న ఒకావిడ ఖాళీ గంప మీద కూర్చుని ముక్కు ఎగబీల్చింది.

"ఏంటండీ, రొయ్యలు ఎక్కడ పెట్టారు?"

"బూట్లలోనండి," అంది జ్యోతి.

ఆవిడ నవ్వు అవతలి ఒడ్డు దాకా ఆగలేదు.

పన్నెండున్నరకి ఇల్లు చేరాం. అత్తయ్యగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు చర్చి పాటల బృందాన్ని ఆవిడే నడుపుతున్నారు. గుమ్మంలో నిలబడి ముందు కూతురి మొహం, తర్వాత కాళ్లు చూశారు. జ్యోతి బూట్లు మెట్ల మీద విప్పేసింది. భోజనానికి కూర్చున్నాం. కొరమేను పులుసు అద్భుతంగా ఉందని అన్నది నేనొక్కణ్ణే. అది తినేసి ఇద్దరం నిద్రపోయాం.

నాలుగింటికి లేచి చూస్తే మెట్ల మీద బూట్లు లేవు. డాబా మీద, వడియాలు ఎండబెట్టే దుప్పటి మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. పట్టుకుంటే టకటకమని రేకు డబ్బాల్లా మోగాయి. అత్తయ్యగారు సర్ఫు నీళ్ల బకెట్లో ముంచి, తోమి, మండుటెండలో పెట్టేశారు. తోలుకి ఇంతకంటే శత్రువు లేదు. జ్యోతి పాదం దూర్చబోయింది, చీలమండ దగ్గర వంగనే లేదు. అప్పుడే అత్తయ్యగారు డాబా మీదికి వచ్చారు.

"కావాలనే చేశావు కదమ్మా?" అంది. నెలల తర్వాత తల్లితో నేరుగా అన్న మొదటి మాట అదే. "నేను బండెక్కకూడదని!"

అత్తయ్యగారి మొహం పాలిపోయింది. "ఆ కంపుతో రేపు ఎలా వెళ్తావని కడిగానే," అన్నారు. ఒక బూటు చేతిలోకి తీసుకున్నారు. "నేను క్యాజువాల్టీలో చేసినదాన్ని. చెప్పులతో బండెక్కినవాళ్ల పాదాలు ఎలా వచ్చేవో నీకేం తెలుసు? నువ్వు బండి కొన్నావనగానే నాకు అవే కనబడ్డాయి. ఈ బూట్లు ఫ్యాషను కోసమనుకున్నాను. ఇవాళ చెయ్యి పెట్టి తోముతుంటే వేళ్ల దగ్గర గట్టి గిన్నె తగిలింది, చీలమండ దగ్గర దిండు తగిలింది. ఇది బూటా, పిండికట్టా! ముందే చెప్పొచ్చు కదే ఇందులో ఇంత ఉందని!"

జ్యోతి డాబా మెట్ల మీద కూర్చుంది. "నువ్వు నాతో మాట్లాడితే కదా చెప్పడానికి," అంది.

నేను గబగబా సంచీ విప్పాను. తడిగుడ్డతో సర్ఫు తెల్లదనం తుడిచి, బూట్లని నీడలోకి తెచ్చి, లోపల పాత పేపర్లు కూరాను. ఫ్యాను కింద పూర్తిగా ఆరాక క్రీము తీశాం. అది వేళ్లతో కొంచెం కొంచెంగా రాయాలి, తోలు తాగేదాకా ఆగి మళ్లీ రాయాలి. అత్తయ్యగారు ఒక బూటు ఒళ్లో పెట్టుకుని, కట్టు విప్పిన రోగి కాలు వంచినట్టు చీలమండ దగ్గర ముందుకీ వెనక్కీ వంచుతూ మర్దనా చేశారు. రెండోది జ్యోతి తీసుకుంది. ఎవరి బూటు ముందు మెత్తబడుతుందోనని పందెం మొదలైంది. తల్లి గెలిచారు. కూతురు ఒప్పుకోలేదు.

ఆదివారం కోత పండుగలో అత్తయ్యగారి గుమ్మడికాయకి వేలంపాటలో మంచి ధర పలికింది. భోజనాలయ్యాక జ్యోతి బూట్లేసుకుంది. కొంచెం బిగుతే గానీ వంగాయి.

"రేవు దాకా వస్తాను," అన్నారు అత్తయ్యగారు. "కానీ చెప్పులతో ఎక్కను. అల్లుడుగారూ, మీ కాన్వాసు బూట్లు ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. నా హెల్మెట్ కూడా ఇచ్చాను. వెనక ఆటోలో నేను రేవుకి వెళ్లేసరికి తల్లీ కూతుళ్లు పంటు మీద నా కోసం ఎదురుచూస్తున్నారు. నరసాపురంలో దిగాక "పాలకొల్లు దాకా వస్తాలే," అన్నారు అత్తయ్యగారు. నేను వాళ్ల వెనక ఇంకో ఆటోలో పాలకొల్లు చేరాను. అక్కడ బండి ఆపితే ఇంకోమాట చెప్పారు. "ఎలాగూ ఇంత దూరం వచ్చాను, రాజమండ్రిలో వారం రోజులుండి వస్తాను. మీకు బస్సులు బోలెడున్నాయి కదా."

అలా నేను అత్తగారి హవాయి చెప్పులతో ఆర్టీసీ బస్సెక్కాను. పాదాల మీద గులాబీ రంగు పట్టీలు మెరుస్తుంటే కండక్టరు టికెట్టు కొట్టడం ఆపి చూశాడు.

"మా అత్తగారివండి," అన్నాను.

"ఆవిడేసుకోరాండి?"

"ఆవిడ మోటార్‌సైకిలు మీదున్నారండి."

ఈ దారిలో బండి మీద వెళ్తే గాలి బావుంటుంది. బస్సులో కిటికీ దొరికితే గోదావరి ఇంకా బావుంటుంది, హాయిగా చూడొచ్చు. తణుకు దాటాక వెనక హారన్ మోగింది. మా బస్సుని దాటేసి వెళ్లిన బండి మీద వెనక కూర్చున్న మనిషి, ముందు మనిషి చెవిలో గట్టిగా అరవడం కిటికీలోంచి నాకు కూడా వినపడింది.

"ఇంకొంచెం జోరుగా పోనివ్వవే!"