చెమట పట్టని అమ్మాయి, పాత కారు ఏసీ

2019 మే నెల. తిరువళ్లూరులో, తిరుత్తణి వైపు వెళ్లే రోడ్డు మీద నాకు కార్ల ఏసీ షెడ్డు ఉంది. ఎండాకాలంలో మాకు కూర్చుని అన్నం తినే తీరిక కూడా ఉండదు. అలాంటి ఒక గురువారం ఉదయం పాతికేళ్లు దాటిన తెల్లకారొకటి వచ్చి ఆగింది. నడుపుతున్నాయన పేరు దశరథయ్య, తిరుత్తణిలో మరమగ్గాల షెడ్డులో నేస్తాడు. వెనక సీట్లో ఆయన కూతురు నిర్మల, భుజాల నిండా తడి తువ్వాలు కప్పుకుని, ఒళ్లో ఫిజిక్స్ పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"అన్నా, ఆదివారం లోపల దీని ఏసీ పనిచేయాల," అన్నాడు.

"వారం పడతాది అయ్యా. ఎన్ని బండ్లు నిలబడుండాయో చూడు."

ఆయన గొంతు తగ్గించాడు. "పాపకు పుట్టినప్పట్నుంచి చెమట పట్టదన్నా. ఎండ తగిలితే ఒళ్లు కాలిపోతాది, చల్లారదు. ఆదివారం మధ్యాహ్నం మెడ్రాసులో కాలేజీ ఎంట్రన్సు. పోయిన నెల ఆస్పత్రికని బాడుగ కారు మాట్లాడితే, డీజిలు దండగని దారిలో ఏసీ ఆపేసినాడు. పాప స్పృహ తప్పి పడిపోయింది. ఇంక ఒకరి బండిని నమ్మేది లేదని ఇది కొన్నాను. రెండు వారాలు చల్లగా ఉండె, అంతే."

బానెట్ ఎత్తగానే సంగతి అర్థమైంది. ఆ కారు పుట్టింది ఆర్-12 అనే పాత గ్యాసుకి. ఓజోన్ పొరను పాడుచేస్తుందని ఆ గ్యాసును ఎప్పుడో ఆపేశారు. అమ్మినవాళ్లెవరో పాత ఆయిలు మీదే కొత్త గ్యాసు, ఆర్-134ఎ, ఎక్కించి చేతులు దులుపుకున్నారు.

"మామా, గ్యాసు మారిస్తే చాలదా? ఆయిలు ఎందుకు మార్చాల?" నిర్మల కిటికీలోంచి అడిగింది.

"కంప్రెసర్‌కి ఆయిలు తెచ్చి అందించేది గ్యాసేనమ్మా. పాత ఆయిలు కొత్త గ్యాసులో కలవదు. ఎక్కడో పైపుల్లోనే నిలిచిపోతాది. కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తాది."

"మరి ఇప్పటికే పట్టేసిందా?"

సరిగ్గా నా భయమూ అదే. ఆమెను నా గదిలో కూలర్ ముందు కూర్చోబెట్టి, కంప్రెసర్ దించి, ఆయిలు తెల్లగుడ్డ మీదికి ఒంచాను. నల్లగా ఉంది. లోపల అరిగితే రాలే ఇనుప రజను మాత్రం ఒక్క నలుసు లేదు. బతికింది! మిగతా బండ్లవాళ్లకు ఫోన్లు చేసి ఆగమని బతిమాలుకున్నాను. పైపులన్నీ కడిగాను. కొత్త గ్యాసుకు తట్టుకునే ఓ-రింగులు, అంటే అతుకుల దగ్గరి రబ్బరు చుట్టలు, వేశాను. తేమ పీల్చే డ్రయర్ మార్చి, కొత్త గ్యాసులో కలిసే ఈస్టర్ ఆయిలు పోశాను.

శుక్రవారం లీకు పరీక్షకు నైట్రోజన్ ఎక్కిస్తే గేజు ముల్లు నెమ్మదిగా దిగిపోతోంది. అతుకులన్నిటికీ సబ్బునురగ పూశాను, ఎక్కడా బుడగ లేదు. మధ్యాహ్నం దాకా వెతికి విసిగిపోయాను. అంతసేపూ పక్కన నిలబడ్డ దశరథయ్య, "అన్నా, ఆ ఫ్యాను ఆపు," అన్నాడు. కారు మీదికి వంగి, కళ్లు మూసుకుని, కంప్రెసర్ వెనక పైపు మీద వేలు పెట్టాడు. "ఈడ."

అద్దం పెట్టి చూస్తే పైపు కింది వైపు, చెయ్యి దూరని చోట, వెంట్రుకంత పగులు.

"నీకెట్లా తెలిసింది?"

"నలభై మగ్గాల మోతలో పోగు తెగితే వినాల కదా," అన్నాడు మామూలుగా.

కొత్త పైపు వేశాక ముల్లు రాత్రంతా కదల్లేదు. శనివారం పొద్దున వ్యాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, పాత గ్యాసు కన్నా బరువు తగ్గించి కొత్త గ్యాసు ఎక్కించాను. రోడ్డు మీద నడిపి చూస్తే ఎనిమిది డిగ్రీల గాలి! నేనూ దశరథయ్యా చిన్నపిల్లల్లా అరిచాం. తిరిగొచ్చి షెడ్డు ముందు ఇంజను ఆపకుండా నిలబెట్టాను. పది నిమిషాల్లో పన్నెండు, పదిహేడు, ఇరవై రెండు. ప్రెషర్ ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకుతోంది.

కారు ముందుండే కండెన్సర్ గ్యాసు వేడిని బయటికి వదలాలి. కొత్త గ్యాసు ప్రెషర్ ఎండలో ఇంకా పెరుగుతుంది, ఆ పాత కండెన్సర్ దానికి చాలదు. బండి పరిగెడుతున్నంతసేపూ ఎదురుగాలి కాపాడింది. రేపు మెడ్రాసు దారిలో, పూనమల్లి ట్రాఫిక్‌లో ఆగితే?

"అన్నా, రేపటికి అయితాదా?"

"కండిప్పా, తప్పకుండా అయితాది," అన్నాను. నిజం చెప్పాలంటే నాకే నమ్మకం లేదు. మరో మోడల్‌కి వచ్చే పెద్ద కండెన్సర్ ఒకటి షెడ్డులో ఉంది. అది పట్టేలా రెండు బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేసి, ముందు ఎలక్ట్రిక్ ఫ్యాను బిగించాను. దీపాలు పెట్టే వేళకు పని అయింది కానీ, అప్పటికి ఎండ లేదు. ఎండలో చూడకుండా ఆ పిల్లను ఎలా పంపేది? ఆదివారం నేనూ వాళ్లతోనే ఎక్కాను.

అనుకున్నట్టే పూనమల్లి దగ్గర లారీ అడ్డంపడి దారి మూసుకుపోయింది. పట్టపగలు పదకొండున్నర. పది నిమిషాలు, ఇరవై, నలభై. నా చేతిలో థర్మామీటరు, దశరథయ్య కళ్లు అద్దంలో కూతురి మీద. పది డిగ్రీలు. పదకొండు. మళ్లీ పది. అక్కడే నిలిచింది. 

వెనక సీట్లో నిర్మల భుజాల మీది తువ్వాలు తీసి పక్కన పెట్టింది.

"మామా, కొంచెం తగ్గించు. చలిగా ఉంది."

మే నెలలో ఆ పిల్ల నోట ఆ మాట తండ్రి ఎన్నడూ వినలేదు. ఆయన స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చేశాడు. నేను నవ్వుతూ నాబ్ తిప్పాను.

పరీక్ష రాసింది, సీటొచ్చింది, నాలుగేళ్లూ ఆ కారులోనే కాలేజీకి తిరిగింది. నాకు మాత్రం పని తీరే మారిపోయింది. అంతకు ముందు గ్యాసు మార్చిన కారును హైవే మీద ఒక చుట్టు తిప్పి, చల్లగా ఉందంటే తాళం ఇచ్చేసేవాణ్ని. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంజను ఆపకుండా నిలబెట్టి, అరగంట వెనక సీట్లో కూర్చుంటాను. అక్కడ నాకు చల్లగా ఉంటేనే బండి షెడ్డు దాటుతుంది.